బాబాయ్ తీసేసిన హమ్

మొన్న రాత్రి చాలా ఏళ్ళ తర్వాత సోల్డరింగ్ ఐరన్ వేడి చేశాను. లెడ్డు తీగ మొనకి తగలగానే సన్నటి తెల్లపొగ ఒకటి లేస్తుంది కదా, ఇంచుమించు గుగ్గిలం వాసన, అది ముక్కుకి తగిలిందో లేదో చేతిలో పని అలాగే ఆగిపోయింది. కళ్ళ ముందు బాబాయ్ బల్ల. దాని మీద మూత తీసిన కీబోర్డు, పక్కన చెవి విరిగిన పింగాణీ కప్పు నిండా స్క్రూలు, ఒంగి చూస్తున్న ఆయన నుదుటి మీద టేబుల్ లైటు వెలుగు.

బాబాయ్ పోయారని ఆ ఉదయమే ఫోన్ వచ్చింది.

సొంత బాబాయ్ కాదు. కీబోర్డులు, డ్రమ్ మెషీన్లు, మిక్సర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసేవారు. రికార్డింగ్ థియేటర్లలో పనిచేసే కుర్రాళ్ళమంతా వరస కలిపి అలా పిలిచేవాళ్ళం. నన్ను మాత్రం ఆయన చివరిదాకా "అబ్బాయ్" అనే పిలిచారు, నా జుట్టు నెరిసిన తర్వాత కూడా.

నేను ఇప్పుడు చేసేది టెక్నో, మెషీన్లతో చేసే డాన్సు సంగీతం, అందులోనూ వినగానే చప్పున ఎక్కని రకం. పాటలకి మెషీన్‌తో దరువు కట్టే రిథమ్ ప్రోగ్రామింగ్ చేసుకునే మనిషివి ఇటెలా వచ్చావని తెలిసినవాళ్ళు అడుగుతూనే ఉంటారు. ఏదో ఒకటి చెప్పి దాటేసేవాణ్ణి. సరిగ్గా చెప్పాలంటే ఆ బల్ల దగ్గర మొదలుపెట్టాలి, ఆ బల్ల దగ్గరికి ఎందుకెళ్ళానో చెప్పాలంటే ఇంకా వెనక్కి వెళ్ళాలి.

*

ఆ రోజుల్లో రిథమ్ ప్రోగ్రామర్ అంటే థియేటర్లో ఒక మూల కుర్చీ. ముందు ఎమ్‌పీసీ, అంటే ప్యాడ్ల మీద కొట్టి దరువు కూర్చే మెషీన్, పక్క ర్యాకులో శబ్దాలు దాచుకుని మళ్ళీ పలికించే శాంప్లర్, కాళ్ళ కింద కేబుళ్ళు, ఒళ్ళో ఫ్లాపీల డబ్బా. పాట ఎవరిదైనా, పాడేది ఎవరైనా, ముందు వచ్చేది మేము, చివర వెళ్ళేది మేము. ఏసీ చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి, అయినా మెషీన్లు వేడెక్కుతాయని దాన్ని తగ్గించనిచ్చేవాళ్ళు కాదు.

ఒక ఫ్లాపీలో 1.44 ఎంబీ పడుతుంది. సీడీ నాణ్యతలో మోనో సౌండ్ అయితే 17 సెకన్లు, అంతే. డోలక్ దెబ్బలు, కంజీర గుమకలు, గజ్జెల మోత, రెండు మూడు రకాల కిక్కులు, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బలు, అన్నీ ఆ 17 సెకన్లలో సర్దుకోవాలి. అందుకని ఒక్కో దెబ్బనీ ఎక్కడ కోయాలి, దాని తోక ఎంత ఉంచాలి అని రాత్రుళ్ళు కూర్చునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే నా అసలు చదువు అదే. ఒక చిన్న శబ్దం ఎలా పుడుతుంది, ఎంతసేపు బతుకుతుంది, ఎక్కడ చచ్చిపోతుంది అన్నది అంత దగ్గరగా చూడాల్సిన అవసరం ఈ రోజు కొత్తగా వచ్చేవాళ్ళకి లేదు.

డిస్క్ లోపలికి తోయగానే కట్... కట కట... కర్ర్‌ర్ అని మొదలయ్యేది. మ్యూజిక్ డైరెక్టర్, ఇంజినీరు, అద్దానికి అవతల వయొలిన్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఇరవై మంది, అందరూ ఆ చప్పుడు ఆగేదాకా నా వైపే చూసేవాళ్ళు. ఒక్కోసారి అప్పుడే స్క్రీన్ మీద డిస్క్ ఎర్రర్ అని వచ్చేది, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో పడినవాళ్ళకే తెలుసు. అందుకే ప్రతి ఫ్లాపీకీ సంచిలో ఒక కాపీ, ఇంట్లో ఇంకో కాపీ. లేబుళ్ళ మీద నీలం ఇంకుతో నా చేతిరాత: "డోలక్ 3 - గది గాలితో", "కిక్ - మెత్తది", "వాడొద్దు".

1988లో వచ్చిన ఎమ్‌పీసీ 60ని డిజైన్ చేసింది రోజర్ లిన్. ఒక బీటుని 96 ముక్కలుగా కోస్తుంది అది. స్వింగ్, అంటే జంటలో రెండో దెబ్బ ఎంత ఆలస్యంగా పడాలన్న లెక్క, 50 పెడితే తిన్నటి నడక, 66 దగ్గరికి తీసుకెళ్తే మూడు లెక్క తిశ్రంలోకి ఒరిగిపోతుంది. పనంతా ఆ రెంటి మధ్యలోనే. అక్కడి పెద్దవాళ్ళు స్వింగ్ అనే మాట వాడేవాళ్ళు కాదు, "తూగు చాల్లేదు", "ఇంకాస్త తూగాలి నాయనా" అనేవాళ్ళు. 54కీ 56కీ తేడా చెవికి పట్టుకోవడం నాకు ఆ మాటల వల్లే వచ్చింది. ఏ పుస్తకంలోనూ దొరికేది కాదు.

*

ఒకరోజు టేపుకీ, దరువుని వరసగా నడిపించే సీక్వెన్సర్‌కీ మధ్య సింక్, అంటే కలిసి నడవడం, పోయింది.

ముందు రోజు టేపు మీదకి ఎక్కించిన కిక్కూ, ఆ రోజు మెషీన్ కొడుతున్న అదే కిక్కూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. ఎక్కడో ఒక మిల్లీసెకనో రెండో పక్కకి జరిగాయి. అంత తక్కువ తేడాలో రెండు దెబ్బలుగా వినపడదు, ఒకటే దెబ్బ, కానీ లోపల గుల్లగా, గొట్టంలోంచి కొడుతున్నట్టు ఉంటుంది. ఒక మిల్లీసెకను తేడా ఉంటే 500 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఆ పైన కూడా సమానమైన దూరాల్లో దువ్వెన పళ్ళ సందుల్లాగా ఖాళీలు పడతాయి. టేపు వేగం పిసరంత అటూ ఇటూ అవుతుంటే ఆ ఖాళీలు నెమ్మదిగా పైకీ కిందికీ పాకుతున్నాయి. కిక్కు మారట్లేదు, కానీ దాని కడుపులో ఏదో కదులుతోంది.

అందరి టైమూ పాడు చేశానని ఆ రోజు మాటలు పడ్డాను. తప్పు నాది కూడా కాదు, కేబుల్‌ది, కానీ మూల కుర్చీలో ఉన్నవాడే పడాలి. ఇంటికెళ్ళి పడుకున్నాక చెవిలో తిరిగింది మాత్రం ఆ పాకుతున్న శబ్దమే. దాన్ని సరిచేసేముందు కనీసం ఒక్క నిమిషం రికార్డు చేసుకుని ఉండాల్సింది అనిపించింది. అలా ఎందుకనిపించిందో అప్పుడు తెలియలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా.

*

ఆ కేబుల్ పట్టుకునే మొదటిసారి బాబాయ్ దగ్గరికెళ్ళాను.

కేబుల్ అయిదు నిమిషాల్లో బాగుపడింది, నేను అక్కడే సాయంత్రం దాకా కూర్చున్నాను. తర్వాత ఖాళీ దొరికితే అక్కడే ఉండేవాణ్ణి. ఆయన పనిచేస్తున్నంతసేపూ పక్కన ఏదో ఒక ఆంప్లిఫయర్ సన్నగా మూలుగుతూ ఉండేది. ఫ్యాన్ టక్ టక్ మనేది. ఆయన పెద్దగా మాట్లాడేవారు కాదు. కీబోర్డు మూత తీసి, రబ్బరు కాంటాక్టుల కింద నల్లటి కార్బన్ చుక్కల్ని మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక్కో కీ నొక్కి చూసి, "వినపడుతోందా?" అనేవారు. నేను వినపడుతోందనేవాణ్ణి. "సమానంగా వినపడుతోందా?" అనేవారు. అప్పుడు మళ్ళీ వినాల్సి వచ్చేది.

సోల్డరింగ్ ఆయనే నేర్పారు. ముందు లెడ్డుని కాదు, అతకాల్సిన చోటుని వేడి చెయ్యాలి. అతుకు ముత్యంలా మెరవాలి. మసకగా, గరుకుగా ఉందంటే పైన పట్టినట్టు కనపడుతుంది గానీ లోపల పట్టలేదన్నమాట, డ్రై సోల్డర్. "ఇవాళ పలుకుతుంది, రేపు స్టేజీ మీద చస్తుంది" అనేవారు.

హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే ఆ మూలుగు విషయంలో మాత్రం ఆయన చెవి అసాధారణం. మీటర్ పెట్టకముందే చెప్పేసేవారు: "ఇది 50, ఎర్త్ గొడవ. అది 100, సప్లైలో కెపాసిటర్ ఎండిపోయింది." కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, ఎర్త్ లూపులోంచి దూరేది ఆ 50. సప్లై దగ్గర రెక్టిఫయర్ ఆ ఊపులో కింది సగాన్ని కూడా పైకి తిప్పేస్తుంది కాబట్టి అక్కడ 100 అవుతుంది, దాన్ని నున్నగా చేయాల్సిన కెపాసిటర్ ముసలిదైతే ఆ 100 బయటికి వినపడుతుంది. ఈ లెక్క ఆయన కాగితం మీద గీసి చెప్పారు గానీ, ముందు గొంతుతో చూపించారు, "ఊఁ..." అని కిందది, "ఊఁ..." అని పైది. సరిగ్గా ఆక్టేవ్ తేడాలో. సంగీతం నేర్చుకున్న మనిషి కాదు ఆయన.

నేను కీబోర్డు మీద వెతికాను. 50 హెర్ట్జ్ జి నోటుకి కాస్త పైన ఉంటుంది, సుమారు 35 సెంట్లు, అంటే పక్క నోటుకి ఉన్న దూరంలో మూడో వంతుకి కాస్త ఎక్కువ. జి కాదు, జి షార్ప్ కాదు. "మీ హమ్ ఏ నోటులోనూ పడట్లేదు బాబాయ్" అంటే, "కరెంటుకి మీ నోట్లతో పనేంటి అబ్బాయ్" అన్నారు తల ఎత్తకుండానే.

*

తర్వాత రెడీమేడ్ లూపుల, అంటే ముందే వాయించి పెట్టిన దరువుల, సీడీలొచ్చాయి, కంప్యూటర్లొచ్చాయి. పని తేలికైంది, తొందరగా అయిపోయేది. ఫ్లాపీ చప్పుడు ఆగిపోయింది. నేను చేసిన డోలక్‌ని తీసేసి "ఆ సీడీలో మూడో లూప్ పెట్టేయండి, బాగుంది" అన్నారొకరు. నిజంగానే బాగుంది. ఆ రోజు ఆ లూప్ పెట్టాను, టెంపో కలిపాను, ఇంటికొచ్చేశాను. తర్వాత ఏడాదంతా దాదాపు అదే పని. రెండో ఏడాది ఆ పనికి కూడా నన్ను పిలవడం తగ్గింది, ఎందుకంటే అది ఎవరైనా చేయగలరు.

ఒక ఆదివారం పాత డిస్కులన్నీ నేల మీద పరిచాను. వందకి పైగా పాటల రిథమ్‌లు ఉన్నాయి అందులో. నాది అని చెప్పుకునే ఒక్క నిమిషం సంగీతం లేదు. ఏడుపు రాలేదు గానీ, చాలాసేపు అక్కణ్ణించి లేవలేకపోయాను.

*

ఆ తర్వాత కొన్నాళ్ళకే, నా మిక్సర్ బాగుచేసి ఇవ్వడానికి బాబాయ్ ఇంటికొచ్చారు. సప్లై మార్చారు కాబట్టి ఒక గంట ఆన్‌లో ఉంచి చూడాలన్నారు. కేబుళ్ళు పెడుతూ నేను పొరపాటున ఆక్స్ అవుట్‌పుట్‌ని, అంటే శబ్దాన్ని పక్కకి పంపే దారిని, తీసుకెళ్ళి మొదటి ఛానల్ ఇన్‌పుట్‌లోనే గుచ్చాను. ఆ ఛానల్ ఆక్స్ నాబ్ కాస్త పెంచగానే మిక్సర్ తన మాటే తాను వింటూ, మళ్ళీ అదే చెప్పుకుంటూ, లోపల్లోపల పెరిగి ఒక్కసారిగా కేక పెట్టింది. నేను స్విచ్ మీదకి దూకాను.

"స్పీకర్ తగ్గించు. మిక్సర్‌ని ఆపకు" అన్నారు బాబాయ్. ఆయనకి కావాల్సింది ఆ ఒత్తిడిలో సప్లై నిలబడుతుందా లేదా అని. మీటర్ ముళ్ళు రెండూ పెట్టి చూస్తూ కూర్చున్నారు.

నేను తగ్గించిన స్పీకర్లో వింటూ మిడ్ నాబ్ తిప్పాను. కేక కిందికి దిగి ఒక నోటయింది. ట్రెబుల్ తగ్గిస్తే ఇంకా దిగింది. ఇంకో ఆక్స్‌ని రెండో ఛానల్లోకి అలాగే పెడితే రెండు నోట్లు ఒకదాన్నొకటి తోసుకోవడం మొదలుపెట్టాయి. బేస్ నాబ్ ఒకచోటికి వచ్చేసరికి అది గాత్రం మానేసి టక్... టక్... టక్ అని కొట్టుకుంది. ఏ వాయిద్యమూ లేదు. ఏ శాంపులూ లేదు. మిక్సర్‌లోకి ఏమీ రావట్లేదు, అయినా అది తనంతట తాను ఒక నడక పట్టింది. ఎమ్‌పీసీలో మెత్తటి కిక్కు తీసి దాని కింద పెట్టి టెంపో జరుపుకుంటూ వెళ్తే నిమిషానికి 128 బీట్ల దగ్గర పక్కపక్కన నడిచాయి. పూర్తిగా కలవలేదు. ఒకటి మెల్లగా వెనకబడుతుంది, మళ్ళీ దగ్గరికొస్తుంది. ఆ పాత సింక్ తప్పిన కిక్కు మళ్ళీ గదిలోకి వచ్చింది.

"సప్లై బాగానే ఉంది" అని బాబాయ్ మీటర్ సర్దుకుని లేచారు. నేను ఆ రాత్రి పడుకోలేదు.

జపాన్‌లో తొషిమారు నకమురా అనే ఆయన ఇన్‌పుట్ ఏమీ ఇవ్వని మిక్సర్‌నే వాయిద్యంగా పెట్టుకుని ఏళ్ళ తరబడి వాయిస్తున్నారని చాలా తర్వాత తెలిసింది. నాకు అసూయ కలగలేదు, చాలా ధైర్యం వచ్చింది.

*

అప్పటిదాకా టెక్నో గురించి నాకు తెలిసింది ఆపకుండా కొట్టే కిక్కు, అంతే. దాని పుట్టుక వెతుక్కుంటూ వెళ్తే డెట్రాయిట్ దగ్గర తేలాను. హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్, బెల్‌విల్‌లో ఒకే స్కూల్లో చదువుకున్న ముగ్గురు కుర్రాళ్ళు, ఎవరికీ అక్కర్లేకుండా పోయిన మెషీన్లతో మొదలుపెట్టారు. ఆ మెషీన్ల కథలే నన్ను ఎక్కువ పట్టుకున్నాయి, నేను వచ్చింది బాబాయ్ బల్ల నుంచి కదా.

రోలాండ్ కంపెనీ టీబీ-303ని చేసింది బేస్ గిటార్ వాయించే మనిషికి బదులుగా పెట్టుకోమని. అది బేస్ గిటార్‌లా అస్సలు పలకలేదు. 1984కల్లా దాన్ని చేయడం మానేశారు, చవగ్గా సెకండ్ హ్యాండ్‌లో తిరిగింది. షికాగోలో ఫ్యూచర్ అనే బృందం దాని నాబ్‌లు ఇష్టమొచ్చినట్టు తిప్పుతూ రికార్డు చేసి 1987లో బయటపెట్టేసరికి ఒక కొత్త సంగీతమే పుట్టుకొచ్చింది. టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ సంగతి ఇంకా నచ్చింది నాకు. దానిలో వాడిన ట్రాన్సిస్టర్లు తయారీలో లోపం ఉన్నవి. కంపెనీ పెట్టిన ఇకుతారో కకెహాషి కావాలనే అవి కొన్నారు, ఆ చిటపటలాడే గరుకుదనం వాటి వల్లే. తయారీ మెరుగుపడి అలాంటి లోపమున్న ట్రాన్సిస్టర్లు దొరక్కుండా పోయాయి, 1983లో మెషీన్ ఆగిపోయింది.

ఇది బాబాయ్‌కి చెప్తే ఐరన్ స్టాండులో పెట్టేసి నా వైపు తిరిగారు. "పాడైనవని తెలిసి కొన్నాడా?" అని రెండుసార్లు అడిగారు. ఆ రోజంతా ఆయన అదే ఆలోచిస్తున్నట్టు కనిపించారు. జమైకాలో కింగ్ టబ్బీ అనే ఆయన కూడా రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మనిషేనని, మిక్సర్‌ని వాయిద్యంలా వాయించి డబ్ అనే సంగీతాన్ని నిలబెట్టింది ఆయనేనని, ఆ ప్రతిధ్వనినే బెర్లిన్‌లో బేసిక్ ఛానల్ పేరుతో ఇద్దరు 1993 నుంచి టెక్నోలోకి తెచ్చారని చెప్తే, మొదటి మనిషి దగ్గరే ఆగిపోయారు. "రేడియో మెకానిక్కా?" అన్నారు. ఆయన మొహం నాకింకా గుర్తుంది.

చరణ్‌జిత్ సింగ్ గురించి మాత్రం నేను ఎవరికీ చెప్పుకోకుండా చాలా రోజులు లోపలే దాచుకున్నాను. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన మనిషి. 1982లో ఒక జూపిటర్-8 సింథసైజర్, ఒక 303, ఒక 808 ముందు పెట్టుకుని పది రాగాలు డిస్కో నడక మీద వాయించి రికార్డు వేశారు. అప్పుడు కొన్నవాళ్ళు చాలా తక్కువ. 2010లో దాన్ని మళ్ళీ విడుదల చేశాక, షికాగో కంటే అయిదేళ్ళ ముందే ఈ శబ్దం ఇక్కడ ఉందా అని ప్రపంచం ఆశ్చర్యపోయింది. 2015లో ఆయన పోయారు. నేను ఆ రికార్డు విన్నప్పుడు రాగాల మీదకి మనసు పోలేదు. పగలంతా ఇంకొకరి పాటకి వాయించే మనిషి, తనకోసమని మెషీన్లు ఆన్ చేసుకున్న ఆ గంట నాకు వినపడింది. ఆ గంట ఎలా ఉంటుందో నాకు తెలుసు.

*

కొత్త మెషీన్లు నేర్చుకోవడం కష్టం కాలేదు. నింపకుండా ఉండటం కష్టమైంది.

పాటల్లో నాలుగు బార్లకి, అంటే ఆవర్తాలకి, ఒకసారి చిన్న ఫిల్, ఖాళీ నింపే దరువు, ఎనిమిది బార్లకి ఏదో ఒకటి కొత్తది రావాలి. చరణం ముందు ఎత్తుకోవాలి. ఇన్నేళ్ళలో అది చేతుల్లోకి ఎక్కిపోయింది. ఎనిమిదో బారు దగ్గరికి రాగానే కుడిచెయ్యి దానంతటదే ప్యాడ్ మీదకి వెళ్ళేది. ఒక దశలో నిజంగానే చెయ్యి కింద పెట్టుకుని కూర్చునేవాణ్ణి. కిక్కు ఒక్కటే పెట్టి పది నిమిషాలు వినడం. మొదటి నిమిషం విసుగు. మూడో నిమిషం కోపం. ఆరో నిమిషానికి కిక్కు తోకలో ఒక చిన్న నోటు ఉందని, అది గదిలో ఆ మూల ఎక్కువ, ఈ మూల తక్కువ అని తెలియడం మొదలవుతుంది.

మార్పు కావాలనిపించినప్పుడు ఫిల్ వేసే బదులు లెక్కని కదిలించాను. కిక్కు 16 అడుగుల చక్రం. దాని మీద చిన్న తాళాల హై-హ్యాట్‌ని 5 అడుగుల చక్రంగా తిప్పాను, తకతకిట. ఒక ఇనుప శబ్దాన్ని 7 అడుగులకి, తకిటతకధిమి. మూడూ ఒకేసారి మొదలైతే మళ్ళీ మూడూ ఒకే చోట కలిసేది 560 అడుగుల తర్వాత, అంటే 35 బార్లు, 130 టెంపోలో సుమారు 65 సెకన్లు. ఈ మధ్యలో నేనేమీ ముట్టుకోను. అయినా ఏ బారూ పక్క బారులా ఉండదు. చెవి ఒకసారి హై-హ్యాట్ వెంట వెళ్తుంది, ఒకసారి ఇనుము వెంట వెళ్తుంది, మూడూ వచ్చి ఒకే అడుగు మీద దిగినప్పుడు వినేవాడికి ఎందుకో తెలియకుండానే భుజాలు వదులవుతాయి. తాళం వేసుకుంటూ పెరిగిన చెవులకి ఇది కొత్త కాదు, మన చేతివేళ్ళకి తెలిసిన లెక్కే.

కిక్కు కింద ఆ పెద్ద గుడగుడ ఎలా వస్తుందని కుర్రాళ్ళు అడుగుతుంటారు. కిక్కునే ఒక పొడవాటి రివర్బ్‌లోకి, అంటే ప్రతిధ్వనిలోకి పంపి, 120 హెర్ట్జ్ పైనున్నదంతా కోసేసి, మిగిలినదాన్ని కాస్త చిరిగిపోయేలా డిస్టార్ట్ చేసి, కిక్కు కొట్టిన ప్రతిసారీ అది అణిగి మళ్ళీ లేచేలా కంప్రెసర్ కట్టాలి. వేరే బేస్ ఏమీ ఉండదు, కిక్కు నీడే బేస్. నేను మాత్రం అణిగే సమయాన్ని లెక్కతో పెట్టను, తూగు చూసి పెడతాను. 54కీ 56కీ మధ్య తేడా ఇక్కడ కూడా పనికొచ్చింది.

మొదటి ట్రాక్ ఎనిమిది నిమిషాలు. అందులో పై స్వరం ఒకటే, అదీ ఎక్కడా ఆగదు. బాబాయ్ దగ్గర రిపేరుకని పడి ఉన్న ఒక పాత ఆంప్లిఫయర్ మూలుగుని రికార్డు చేసుకొచ్చి పెట్టాను, ఆ 100 హెర్ట్జ్. దాన్ని జి నోటుకి లాగడానికి మనసొప్పలేదు. మిగతావన్నీ దాని దగ్గరికే తెచ్చాను. కిక్కు సరిగ్గా 50 మీద దిగేలా శ్రుతి చేశాను, ఇనుప శబ్దాన్ని కూడా ఆ 35 సెంట్లు పైకి జరిపాను.

బాబాయ్‌కి వినిపించాను. ఆయన బల్ల దగ్గర, ఆయన స్పీకర్లలోనే. ఎనిమిది నిమిషాలు కదలకుండా విన్నారు. అయిపోయాక కాసేపు స్క్రూల కప్పు కదిపారు.

"ఆ హమ్ మన ఆంప్లిఫయర్‌దేనా?"

"మీదే బాబాయ్."

"నేను మొన్ననే తీసేశానే దాన్ని."

"తీసెయ్యకముందు రికార్డు చేసుకున్నాను."

ఇంకేమీ అనలేదు. మళ్ళీ పెట్టమన్నారు.

*

మొదటిసారి జనం ముందు వాయించింది చీకటి గదిలో, ముప్ఫై మంది ఉంటారేమో. పది నిమిషాలకల్లా సగం మంది బయటికెళ్ళి నిలబడ్డారు. ఇరవయ్యో నిమిషంలో రెండు మెషీన్ల మధ్య క్లాక్, అంటే వాటిని కలిపి నడిపే సిగ్నల్, పోయింది. ఒకటి 130లో ఉంది, రెండోది తన దారిన తాను నడుస్తోంది. థియేటర్ రోజుల్లో అయితే చెమటలు పట్టేవి. పట్టాయి కూడా. కానీ చెయ్యి స్టాప్ మీదకి వెళ్ళలేదు. రెండు కిక్కులూ పక్కపక్కకి వచ్చాయి, కడుపులో గుల్లతనం పుట్టింది, అది పైకి పాకడం మొదలైంది. ఈసారి నన్ను మాటలనేవాళ్ళు లేరు. నేను ఫేడర్ మీద వేలు ఉంచి అది ఎక్కడిదాకా వెళ్తుందో చూస్తూ ఉన్నాను. ముందు వరసలో ఒకమ్మాయి గోడకి వీపు ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. బయటికెళ్ళినవాళ్ళలో కొందరు గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగి విన్నారు. అది నాలుగు నిమిషాలు సాగిందో ఆరు నిమిషాలు సాగిందో తెలియదు. రెండూ కలిసిపోయిన క్షణంలో ఒక మెషీన్‌ని తగ్గించాను.

ఆ రోజు క్లాక్ పోయింది కేబుల్‌లోని డ్రై సోల్డర్ వల్లనని తర్వాత విప్పి చూస్తే తెలిసింది. ఆ కేబుల్‌ని అతకకుండా అలాగే ఉంచాను.

*

ఫోన్ వచ్చిన రోజు రాత్రి బాబాయ్ చివరిసారి బాగుచేసిచ్చిన నా పాత మిక్సర్ మూత విప్పాను. పని ఏమీ లేదు, ఆయన చేతి అతుకులు చూడాలనిపించింది. స్క్రూలన్నీ సరిసమానంగా బిగించి ఉన్నాయి. లోపల దుమ్ము, వేడికి ఎండిన ప్లాస్టిక్ వాసన. సప్లై బోర్డు మీద రెండు కొత్త కెపాసిటర్లు, వాటి కాళ్ళ దగ్గర ఆ ముత్యాలు.

మూత లోపలివైపు పెన్సిల్‌తో ఆయన రాత. మార్చిన పార్టులు ఎప్పుడూ అలా రాసిపెట్టుకునేవారు. "2200 రెండు మార్చాను. హమ్ పోయింది." దాని కింద కొంచెం వంకరగా ఇంకో ముక్క: "పాతవి పారెయ్యలేదు."

మూలలో టేపు వేసి అంటించిన చిన్న ప్లాస్టిక్ కవర్ ఉంది. అందులో ఆ రెండు పాత కెపాసిటర్లు, కాళ్ళు తిన్నగా సర్ది, తల దగ్గర కాస్త ఉబ్బి. ఇన్నేళ్ళుగా ఈ మిక్సర్ ముందే కూర్చుంటున్నాను, ఒక్కసారి కూడా మూత తీయలేదు.

ఐరన్ వేడి చేసింది అందుకు. ముందు అతకాల్సిన చోటుని వేడి చేశాను, తర్వాత లెడ్డు తగిలించాను. కొత్తవి తీసి పాతవి పెట్టి, ఇన్‌పుట్‌లన్నీ ఖాళీగా ఉంచి ఆన్ చేశాను. మొదట ఏమీ లేదు. నాబ్ పెంచుకుంటూ పోతే చాలా కిందనుంచి వచ్చింది, 100, జి నోటుకి కాస్త పైన. రికార్డు నొక్కి లైటు ఆర్పేశాను.